పరదేశమున ప్రయోగశాల

వర్తకుడు పరదేశమునకు ఏల పోవునో చెప్పుట కష్టము కాదు. తన సరకు అమ్ముకొనుటకు పోవును, లేదా అక్కడి సరకు కొని తెచ్చుటకు పోవును. కర్మాగారము పరదేశమున ఏల వెలయునో చెప్పుటయు కష్టము కాదు. ముడిసరకు అక్కడ చేరువగా దొరకును, కూలి తక్కువ, దిగుమతి సుంకము తప్పును. కాని ప్రయోగశాల మాట వేరు. రేపు అంగడికి రాబోవు వస్తువు గుట్టు నేడు ప్రయోగశాలలో పుట్టును. ఇంటి నగలపెట్టెను ఎవరును ఊరవతల దాచుకొనరు గదా! అట్టి ప్రయోగశాలను వేల మైళ్ల దూరమున, వేరు భాష మాట్లాడు జనుల నడుమ, వేరు చట్టముల క్రింద నెలకొల్పుటకు ఒక వ్యాపార సంస్థ ఏల పూనుకొనును? అర్థశాస్త్ర గ్రంథములలో దీనికి జవాబులు కలవు. అయినను హైదరాబాదు నగరమున అబిడ్సు, నాంపల్లి అను రెండు పేటల చరిత్రను వరుసగా చూచినచో ఆ జవాబులు మనకు మరింత చేరువగా కనబడును.

అబిడ్సు పెద్ద తపాలా కచేరీని నడుమ నుంచుకొని చూచినచో, ఇటు నాంపల్లి రైలు స్టేషను, అటు గన్‌ఫౌండ్రీ రెండును మైలు లోపలనే ఉన్నవి. ఈ కొద్దిపాటి నేలపై పరదేశీయులు నాలుగు విధములుగా వచ్చిరి. మొదట విద్య వచ్చినది, తరువాత సరకు వచ్చినది, ఆపై పెట్టుబడి వచ్చినది. చివరకు పరిశోధన వచ్చినది. అయితే అది ఈ పేటలలో గాక, వీటి పిల్లలు చదివి చేరిన నగరపు పడమటి అంచున వెలసినది.

మొదటిది ఫిరంగుల కొలిమి. నిజాము కొలువులో చేరిన ఫ్రెంచి సేనాని మిషెల్ రేమండు 1786లో ఇక్కడ ఫిరంగులను పోతపోయు శాలను నెలకొల్పెనని చరిత్రకారులు చెప్పుదురు. ప్రజలు దానిని తోప్ కా సాంచా అనిరి. నేడు మనము గన్‌ఫౌండ్రీ అనుచున్న పేరు దాని నుండి వచ్చినదే. ఐరోపాలో లోహవిద్య నేర్చిన వారి నేర్పు దక్కను నేలపై ఈ విధముగా పనికి వచ్చినది. అయితే ఆ విద్య రేమండుతో వచ్చినది, రేమండుతోనే పోయినది. ఆయన 1798 మార్చిలో మరణించెను. అదే సంవత్సరము అక్టోబరులో ఈస్టిండియా కంపెనీ వారి ఒత్తిడి వలన ఫ్రెంచి పటాలము రద్దయినది. కొలిమి చల్లారినది. ఇక్కడి కమ్మరికి గాని, ఇక్కడి బడికి గాని ఆ విద్య సొత్తు కాలేదు. మిగిలినవి ఒక శిథిలమును, ఒక పేటకు పేరును. ఈ మాటను మనము గుర్తుంచుకొందము. ముందు దీనితో పని కలదు.

రెండవది సరకు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కొలువులో నుండిన ఆర్మీనియా దేశీయుడు అబిద్ ఇక్కడ తెరచిన విదేశీ వస్తువుల దుకాణమే అబిడ్సు అను పేరునకు మూలము. దుకాణము పోయినది, పేరు నిలచినది. మూడవది పెట్టుబడి. నిజాము గ్యారంటీడు స్టేటు రైల్వే కంపెనీ లండనులో మూలధనమును ప్రోగుచేసినది. ఆ ధనముపై వడ్డీకి నిజాము ప్రభుత్వము హామీ పడినది. గ్యారంటీ అను మాట కంపెనీ పేరులోనికి అందువలననే వచ్చినది. నాంపల్లి స్టేషను 1907లో కట్టబడినది. ప్రభుత్వము ఆ రైల్వేను 1930లో కంపెనీ నుండి కొనివేసినది. ఆ కాలమున ఇంజనుల రూపకల్పన ఇంగ్లండులో జరుగుచుండెను; వాటి మరమ్మతు లాలాగూడ కార్ఖానాలో జరుగుచుండెను. ఆలోచన అక్కడ, చేతిపని ఇక్కడ. అది ఆనాటి ఏర్పాటు.

ఈ ఏర్పాటు సహజమైనదేనని చాలాకాలము పండితులును తలచిరి. హార్వర్డు ఆచార్యుడు రేమండ్ వెర్నన్ 1966లో ఒక సిద్ధాంతమును ప్రతిపాదించెను. క్రొత్త వస్తువు సంపన్న దేశమున, కొనువారికి చేరువలోనే పుట్టును. దాని రూపము స్థిరపడిన పిదప మాత్రమే ఉత్పత్తి తక్కువ వ్యయము గల దేశములకు తరలును. ఇదియే దాని సారము. ఈ లెక్క ప్రకారము ప్రయోగశాల ఇల్లు కదలరాదు. కాని పరిశోధన ఇల్లు కదలుట హైదరాబాదు అంతకు ఎన్నో ఏండ్ల ముందే చూచినది.

అబిడ్సు నుండి కోఠి వైపు నడచినచో పాత రెసిడెన్సీ భవనము కనబడును. ఆ రెసిడెన్సీ వైద్యుడును, హైదరాబాదు వైద్య పాఠశాల అధిపతియు అయిన ఎడ్వర్డ్ లారీ 1888లో క్లోరోఫారము కమిషను ఒకటి ఏర్పరచెను. క్లోరోఫారము పీల్చిన రోగి మరణించునపుడు మొదట ఆగునది ఊపిరియా, గుండెయా అనునది అప్పటి వైద్యలోకమున పెద్ద వివాదము. ఊపిరియేనని లారీ వాదము. లండనులోని లాన్సెట్ పత్రిక దీనిని సందేహించినది. అప్పుడు నిజాము 1000 పౌండ్లు ఇచ్చి, ఆ పత్రిక తరపున ఒక శాస్త్రజ్ఞుని పంపుమని కోరెను. 1889లో సర్ లాడర్ బ్రంటన్ వచ్చెను. రెండవ కమిషను నడచినది. నాలుగు వందలకు పైగా జంతువులపై ప్రయోగములు జరిగినవి. ఇంగ్లండులో 1876 నాటి చట్టము వలన జంతువులపై ప్రయోగము చేయువారికి లైసెన్సు కావలసియుండెను. ఇక్కడ ఆ చట్టము లేదు. ధనమిచ్చు ప్రభువు కలడు. క్లోరోఫారమును నిత్యము వాడు ఆసుపత్రి కలదు. పరిశోధన పరదేశమునకు తరలుటకు గల కారణములలో కొన్ని ఈ ఒక్క ఉదంతములోనే ఉన్నవి.

ఆ కమిషను తీర్పు నిలువలేదు. క్లోరోఫారము తేలిక మోతాదులోనే గుండె లయను చెదరగొట్టి ఆపివేయగలదని ఇంగ్లండులో గుడ్‌మన్ లీవీ 1911లో చూపెను. తీర్పు పోయినను ఒకటి మిగిలినది. ఆ వైద్య పాఠశాలలో చదివి, ఆ ప్రయోగములలో పాలుగొన్న రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచములోని తొలి మహిళా మత్తువైద్యులలో ఒకరై పేరుగాంచినది. పరిశోధన ఫలితము తప్పు కావచ్చును. దానిలో చేయి తిరిగిన మనిషి మాత్రము ఊరికి మిగులును.

మరికొన్నిచోట్ల పరిశోధనను రప్పించునది విషయమే. మలేరియా ఎక్కడ కలదో మలేరియా పరిశోధన అక్కడ జరుగవలెను. రోనాల్డు రాసు 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ కడుపున మలేరియా క్రిమిని చూచినది అందువలననే. మెట్టపంటలపై పరిశోధించు అంతర్జాతీయ సంస్థ ఇక్రిశాటు 1972లో పటాన్‌చెరువున వెలసినది. ఎర్రనేల, నల్లనేల రెండును అక్కడ ఒక్క ఆవరణలో దొరకుట ఆ స్థలమునకు గల గొప్ప అనుకూలము. ఇవి వ్యాపార సంస్థలు కావు. కాని వ్యాపార సంస్థలకును ఇదే సూత్రము వర్తించును. సబ్బు చేయువారికి ఇక్కడి నీటి గుణము తెలియవలెను, విత్తనము అమ్మువారికి ఇక్కడి నేల తెలియవలెను. తన వస్తువును పరాయి అంగడికి తగినట్లు దిద్దుకొనుటకై పెట్టు ప్రయోగశాల ఒక రకము. అది అంగడికి అనుబంధము వంటిది.

రెండవ రకము ఇంతకంటె లోతైనది. అది సంస్థ తన ఇంట లేని మేధను వెదకికొనుచు వచ్చుట. ఐ.బి.ఎం. సంస్థ 1956లో స్విట్జర్లాండులోని జూరిచ్ చేరువను ప్రయోగశాల తెరచినది. స్విస్ దేశము చిన్నది. అక్కడి అంగడి ఎంతటిది? కాని జూరిచ్‌లో ప్రసిద్ధమైన సాంకేతిక విశ్వవిద్యాలయము కలదు. ఐరోపా నలుమూలల నుండి శాస్త్రజ్ఞులు అక్కడికి రాగలరు. ఆ ప్రయోగశాలలో పనిచేసిన బిన్నిగ్, రోరర్‌లకు 1986లోను, బెడ్నార్జ్, ముల్లర్‌లకు 1987లోను భౌతికశాస్త్రమున నోబెలు బహుమానములు లభించినవి. కూలి చవక యని ఎవరును జూరిచ్‌కు పోరు. మేధ ఉన్నచోటికి ప్రయోగశాల పోవుననుటకు ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు.

మేధయే ప్రయోగశాలను వెదకికొని పోయిన కాలమును తెలుగువారమైన మనము మరువజాలము. భీమవరమున 1895లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యము చదివి, 1923లో బోస్టను చేరెను. 1940లో లెడర్లీ సంస్థ ప్రయోగశాలకు పోయెను. ఆయన నడపిన పరిశోధనలో బోదకాలు వ్యాధికి హెట్రజాన్ అను మందు 1947లో వెలువడినది. బోదకాలు గోదావరి మండలములకు క్రొత్త కాదు. భీమవరపు పిల్లవాడు కాలు వాచిన వారిని చూడకుండ పెరుగుట ఆనాడు అరుదు. కాని న్యూయార్కు రాష్ట్రమందలి ఒక సంస్థ ఆ వ్యాధి వైపు దృష్టి మరల్చుటకు కారణము గోదావరి తీరపు రోగి కాదు; యుద్ధకాలమున పసిఫిక్ దీవులలో అమెరికా సైనికులకు ఆ వ్యాధి సోకుటయే. బోదకాలు నివారణకై నేటికిని మన ఊళ్లలో పంచు డి.ఇ.సి. మాత్ర ఆ మందే. ప్రయోగశాల ఏ ప్రశ్నను చేపట్టవలెనో నిర్ణయించునది యజమాని. శాస్త్రజ్ఞుడు తెలుగువాడైనను, వ్యాధి తెలుగునాట ఉన్నను, ప్రశ్న అక్కడిదే.

అట్లు పోవుచుండిన మేధ వెంట ప్రయోగశాలయే ఇటు తిరిగివచ్చుట ఎప్పుడు మొదలయినది? స్విట్జర్లాండు సంస్థ సీబా బొంబాయి చేరువను గోరేగాములో స్థాపించిన పరిశోధనాకేంద్రమును నెహ్రూ 1963లో ప్రారంభించెను. దానికి నాయకత్వము వహించినవాడు మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాల ప్రిన్సిపాలుగా నుండిన రసాయన శాస్త్రజ్ఞుడు టి. ఆర్. గోవిందాచారి. ప్రజల ధనముతో నడచిన కళాశాల తయారుచేసిన మేధను పరదేశ సంస్థ ఈ విధముగా వినియోగించుకొన్నది. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్సు సంస్థ బెంగళూరులో కేంద్రము తెరచి, ఉపగ్రహ మార్గమున తన పనిని అమెరికాతో కలుపుకొన్నది. హైదరాబాదు వంతు 1998లో వచ్చినది. ఆ సంవత్సరమే మాదాపూరులో సైబర్ టవర్సు ప్రారంభమైనది. ఆ సంవత్సరమే మైక్రోసాఫ్టు సంస్థ తన అభివృద్ధి కేంద్రమును ఈ నగరమున తెరచినది. అమెరికా వెలుపల ఆ సంస్థకు గల పెద్ద కేంద్రములలో అది ఒకటి అయినది.

హైదరాబాదే ఏల? జీతము తక్కువ అను జవాబు అబద్ధము కాదు. కాలభేదము అనుకూలమనుటయు నిజమే. రెడ్మండులో సాయంకాలము విడిచిన పనిని ఇక్కడ ఉదయమున అందుకొనవచ్చును. ఆ రెండు ఊళ్లకు వేసవిలో 12 గంటల 30 నిమిషములు, చలికాలమున 13 గంటల 30 నిమిషములు తేడా. ప్రభుత్వము స్థలమిచ్చినది, రాయితీలిచ్చినది. ఇవి అన్నియు కారణములే. కాని జీతము తక్కువగా నుండు దేశములు ప్రపంచమున ఎన్నియో కలవు. స్థలమిచ్చు ప్రభుత్వములును కలవు. తక్కిన చోట్ల లేనిది, ఇక్కడ సిద్ధముగా నున్నది మరియొకటి. అది ఒక్క ఏడాదిలో తయారయినది కాదు.

దాని వేళ్లు తిరిగి మన రెండు పేటలకే వచ్చును. నిజాము కళాశాల 1887లో ఏర్పడినది. ఉస్మానియా విశ్వవిద్యాలయము తన సొంత భవనములకు పోకముందు, 1919లో తొలి తరగతులు నడపినది ఈ గన్‌ఫౌండ్రీ ప్రాంతపు బంగళాలలోనే. ఫిరంగి కొలిమి చల్లారినచోట పాఠము వెలిగినది. అక్కడ బోధనాభాష ఉర్దూ. తెలుగు, మరాఠీ, కన్నడము మాట్లాడు అత్యధిక ప్రజలకు అది తమ భాష కాదను బాధ న్యాయమైనదే. అయినను భౌతిక రసాయన శాస్త్రములను భారతీయ భాషలో ఉన్నత తరగతులకు బోధింపవచ్చునని ఆ విశ్వవిద్యాలయము నిరూపించినది. 1944లో శాస్త్ర పారిశ్రామిక పరిశోధనకై కేంద్ర ప్రయోగశాలలు హైదరాబాదులో ఏర్పడినవి. 1956లో జాతీయ పరిశోధన మండలి క్రిందికి వచ్చిన ఆ సంస్థయే తార్నాకలో నేడు మనము ఐ.ఐ.సి.టి. అనునది. తరువాత జాతీయ భూభౌతిక పరిశోధనాసంస్థ 1961లో, ఎలక్ట్రానిక్సు కార్పొరేషను 1967లో, కణజీవశాస్త్ర కేంద్రము 1977లో వచ్చినవి. ఇవి ఏవియు లాభముకై పెట్టినవి కావు. ఒక్కొక్కటియు వందలకొలది యువకులకు పరికరమును పట్టుట, ప్రశ్నను వేయుట నేర్పినది.

మందుల పరిశ్రమ చరిత్ర దీనిని మరింత స్పష్టముగా చూపును. సోవియట్ సాయముతో ప్రభుత్వము స్థాపించిన ఐ.డి.పి.ఎల్. కర్మాగారము బాలానగరున మందుల తయారీని చేపట్టినది. 1970 నాటి పేటెంటు చట్టము 1972లో అమలులోనికి వచ్చినది. మందునకు గాక, దానిని తయారుచేయు పద్ధతికి మాత్రమే పేటెంటు ఇచ్చినది. వేరొక పద్ధతిని కనిపెట్టగల రసాయన శాస్త్రజ్ఞునకు అది తెరచిన తలుపు అయినది. ఐ.డి.పి.ఎల్.లో పనిచేసిన అంజిరెడ్డి 1984లో తన సంస్థను స్థాపించెను. ఐ.డి.పి.ఎల్. తరువాతి కాలమున నష్టములలో మునిగినది. కాని రేమండు కొలిమికిని దీనికిని భేదము చూడుడు. కొలిమి చల్లారినపుడు పేరు మాత్రమే మిగిలినది, ఐ.డి.పి.ఎల్. క్షీణించినపుడు దాని విద్య వందల చేతులలో ఊరంతట పాకి, క్రొత్త కార్ఖానాలై మొలచినది. మందునకే పేటెంటు ఇచ్చు విధానము 2005లో తిరిగి వచ్చునాటికి ఇక్కడి రసాయన శాస్త్రజ్ఞులు ప్రపంచమునకు పరిచితులు.

కావున పరదేశ సంస్థలు హైదరాబాదునకు వచ్చినది బీడునేలను సాగుచేయుటకు కాదు. పండిన పైరును చూచి వచ్చినవి. దీనిలో తప్పు లేదు. కాని పైరు కోయువారు విత్తనమును గూర్చి ఆలోచింపవలెనని అడుగు హక్కు ఊరికి కలదు. ప్రయోగశాల ఇక్కడ ఉన్నంత మాత్రమున ఫలితము ఇక్కడిది కాదు. ఇక్కడి ఉద్యోగి కనిపెట్టిన దానిపై హక్కు సామాన్యముగా సంస్థదే. ఏ ప్రశ్న చేపట్టవలెను, ఏది విడువవలెను, ఎప్పుడు తలుపు మూయవలెను అనునవి దూరపు ప్రధాన కార్యాలయములో నిర్ణయమగును. క్షయ, మలేరియా వంటి వ్యాధులపై బెంగళూరులో పరిశోధన చేయుచుండిన ఆస్ట్రాజెనెకా సంస్థ 2014లో ఆ కేంద్రమును మూసివేయ నిశ్చయించినది. వ్యాధులు మనదేశమును విడిచి పోలేదు, ప్రయోగశాల పోయినది. అభివృద్ధి వేరు, పరిశోధన వేరు అను సంగతియు మరువరాదు. తెలిసిన సూత్రమును వస్తువుగా మలచుట అభివృద్ధి; తెలియని సూత్రమును వెదకుట పరిశోధన. మైక్రోసాఫ్టు అభివృద్ధి కేంద్రమును హైదరాబాదులో పెట్టినది. పరిశోధనాకేంద్రమును మాత్రము 2005లో బెంగళూరున తెరచినది. పేరొక్కటే యైనను పని ఒక్కటి కాదు.

అట్లని తలుపులు మూసికొనుమని మేము చెప్పుట లేదు. పరదేశ ప్రయోగశాలలో పది సంవత్సరములు పనిచేసిన ఇంజనీరు క్రమశిక్షణను నేర్చును, లోకపు కొలబద్దను ఎరుగును. బయటికి వచ్చి తన సొంత సంస్థను పెట్టగలడు, కళాశాలలో పాఠము చెప్పగలడు. ఊరికి దక్కు నిజమైన ఆదాయము అదియే. అద్దములు తాపిన భవనము గాని, జీతముల మొత్తము గాని అంతటివి కావు. కనుక ఒక ప్రయోగశాల మన ఊరికి మేలు చేసినదో లేదో తెలిసికొనుటకు మేము ఒక్క ప్రశ్న చాలుననుకొనుచున్నాము. రేపు అది లేచిపోయినచో, దాని విద్య ఇక్కడ ఎందరి చేతులలో మిగులును?

ఈ ప్రశ్నకు మంచి జవాబు రావలెనన్నచో ఏమి చేయవలెనో నాంపల్లియే చూపినది. 1938లో ఉస్మానియా పట్టభద్రులు కొందరు సంస్థానపు ఆర్థిక స్థితిగతులను సర్వే చేయుటకు ధనము కావలసి, పబ్లిక్ గార్డెన్సులో ఒక పారిశ్రామిక ప్రదర్శనమును పెట్టిరి. అదియే ప్రతి సంవత్సరము నాంపల్లి మైదానమున జరుగు నుమాయిషు. దాని వలన వచ్చిన ఆదాయముతో ఎగ్జిబిషను సొసైటీ కళాశాలలను నడపుచున్నది. నాంపల్లిలోని సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయము, కమలా నెహ్రూ పాలిటెక్నికు వాటిలోనివే. పరాయి ఊళ్ల వర్తకుడు వచ్చి సరకు అమ్ముకొని పోవును. అతడు చెల్లించిన అద్దె ఆడపిల్లకు చదువై మిగులును. గాజులు, కంబళ్లు అమ్మువారి నుండి మన పెద్దలు రాబట్టిన ఈ మేలును, ప్రపంచములో మిక్కిలి ధనవంతములైన సంస్థల నుండి మనము ఏల రాబట్టరాదు? ప్రభుత్వమిచ్చు స్థలమునకు, రాయితీకి బదులుగా విశ్వవిద్యాలయ ప్రయోగశాలలకు పరికరములను, ఆచార్య పదవులను, పరిశోధక విద్యార్థులకు వేతనములను అడుగవచ్చును. స్థలమును లెక్కకట్టి ఇచ్చువారము, విద్యను లెక్కకట్టి పుచ్చుకొనుట న్యాయము.

నేటికిని ఆదివారము అబిడ్సు కాలిబాటలపై పాత పుస్తకములు పరచియుండును. గణితము, రసాయనము, కంప్యూటరు పుస్తకములను సగము ధరకు బేరమాడి కొనుచున్న విద్యార్థులను మనము చూచుచున్నాము. పడమటి అంచున నిలచిన ప్రయోగశాలలు ఏ దేశమునకు చెందినవైనను, వాటిని ఇంత దూరము రప్పించినవాడు ఆ విద్యార్థియే. అతనికి మంచి బడి, మంచి గురువు, తెరచియున్న ప్రయోగశాల ఉన్నంతకాలము ఒకరు పోయినను మరియొకరు వత్తురు. ఎవరును రాకున్నను అతడే ఒకటి కట్టుకొనగలడు.